పిచ్చమ్మ పడవ మోటారు

ఆత్మకూరు,
జులై, మంగళవారం

యూనుస్‌కు జనార్దనయ్య రాస్తున్నది.

నువ్వు బాగున్నావని బస్సు డ్రైవరు సిద్ధయ్య చెప్పాడు కాబట్టి ఆ సంగతి అడగను. నేను బాగున్నానో లేదో నువ్వు మాత్రం సిద్ధయ్యను అడగలేదట. సరేలే. ఉగాది ముందు, మీ ఆపాను చూసి వస్తానని పోయినవాడివి. ఇప్పటికీ ఆ చూడటం అయిపోలేదా?

ఫోన్ చేస్తే నీకు వినపడదు. మెసేజి పెడదామంటే ఫోను మీ అక్కకు ఇచ్చేసి కూర్చున్నావట. అందుకని పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నీకు ఉత్తరం రాస్తున్నా. ముప్పై ఏళ్లు ఒకే షాపులో, ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లకు ఉత్తరాలతో పనేముంది? ఉదయగిరి బస్సు సిద్ధయ్య నడుపుతున్నన్నాళ్లూ మనకు పోస్టాఫీసుతో కూడా పని లేదు.

సంగతేమిటంటే, మన షాపుకు ఒక వింత ఇంజను వచ్చింది. బోరు మోటారు కాదు, ఆయిలింజను కాదు. పడవ వెనక తగిలించే మోటారు. పైన తలకాయ, కింద పొడుగాటి కాలు, కాలి చివర మూడు రెక్కల ఫ్యాను. పేరు రాసిన రేకు ఎప్పుడో ఊడిపోయింది. మన పెళ్లిళ్ల కంటే ముందుదని నా అంచనా. తాడు లాగితే మాత్రం రెండో లాగుకే అందుకుంటుంది. నీలాగా పదిసార్లు పిలిపించుకోదు.

దీని యజమానురాలు పిచ్చమ్మ. అనంతసాగరం అవతల, సోమశిల డ్యాము నీళ్ల ఒడ్డున వాళ్ల పల్లె. ఏటా వానలకు ముందే గొర్రెల మందను నడిపించుకుపోయి అవతలి కొండ మీద వదులుతారు. నీళ్లు నిండి దారి మునిగాక మనిషి రోజూ పడవలో పోయి మందను చూసుకుని రావాలి. ఇన్నాళ్లూ మొగుడు తిరుపాలు తెడ్డు వేసేవాడు. ఇప్పుడు ఆయనకు నడుము పడిపోయింది. సముద్రం ఒడ్డున చుట్టాల దగ్గర ఈ పాత మోటారు ఉంటే తెచ్చుకుంది. తగిలిస్తే పడవ నత్తలాగా నడుస్తోంది, నీళ్లేమో వెనక నుంచి ఎగిరి ఆమె నెత్తిన పడుతున్నాయి.

"నేను తెచ్చుకున్నది మోటారా, షవరా? నాకు తెలియక అడగతా ఉండా" అని షాపు ముందు నిలబడి అరిచింది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "నీళ్లు నిండేలోగా ఇది నడవకపోతే మందను అమ్ముకోవాల్సిందే అన్నా. ఇంకో దారి లేదు" అంది.

నాకు భూమిలోంచి నీళ్లు పైకి తోడటం తెలుసు గానీ నీళ్ల మీద నడవటం తెలియదు. పెళ్లి కాకముందు నువ్వు కృష్ణపట్నం దిక్కున పడవ ఇంజన్ల దగ్గర పనిచేశావు కదా, కాస్త బుర్ర పెట్టి రాయి. మా ఆవిడ రేణుక నిమ్మకాయ పచ్చడి పంపింది. జాడీ తిరిగి పంపకపోయినా పరవాలేదు, జవాబు పంపు.

జనార్దన


ఉదయగిరి,
జులై, శుక్రవారం

జనార్దనకు యూనుస్ సలాం.

పచ్చడి అందింది. సగం మా ఆపాయే తినేసింది. నా చెల్లెలు రేణుకాదేవికి ఆ మాట చెప్పు.

ఉత్తరం చదివి నవ్వుకున్నాను. అంతవరకే. ఇంక నాతో ఇంజన్ల ఊసెత్తొద్దు. నేనిక్కడ హాయిగా ఉన్నాను. కొండకొయ్యను మా ఆపా బషీరున్నీసా గరిటెలుగా చెక్కుతుంది, నేను వసారాలో కూర్చుని ఉప్పుకాగితంతో నునుపు చేస్తాను. గరిటెలు చేసేవాడికి చెవులతో పని లేదు. వేలితో తడిమితే గరుకెక్కడుందో అదే చెబుతుంది. గిరాకీ వచ్చినవాళ్లతో మాటలన్నీ ఆపా మాట్లాడుకుంటుంది. ఇంజను దగ్గర అట్లా కుదరదు. బేరింగు పోయిందో, వాల్వు కొట్టుకుంటోందో చెవి చెప్పాలి. చెవి మిషను పెట్టుకుంటే లోకమంతా ఒకటే రొద, దాన్ని తీసి పెట్టెలో పడేశాను. చెవులు లేని మెకానిక్ ఇంట్లో కూర్చోవడమే మర్యాద.

ఇంతవరకు రాసి కవరు అంటించాను. మళ్లీ చించాను. ఆ పిచ్చమ్మ నెత్తిన నీళ్లు పడుతున్నాయన్నావు కదా, అందుకు.

మోటారు చెడిపోలేదురా. ఎత్తు తప్పింది. ఫ్యానుకు కొంచెం పైన, కాలికి అడ్డంగా అరచేతి వెడల్పున ఒక చదునైన రేకు ఉంటుంది చూడు. ఆ రేకు పడవ అడుగుతో సమానంగా గానీ, ఒక వేలెడు కిందగా గానీ ఉండాలి. సముద్రం పడవలకు వెనక పలక ఎత్తుగా ఉంటుంది, అందుకని వాటి మోటార్లకు కాలు పొడుగు. మన పడవల పలక పొట్టి. పొట్టివాడికి పొడుగువాడి ప్యాంటు తొడిగినట్టు మోటారు కిందికి దిగిపోయి ఉంటుంది. కాలు నీళ్లలో ఎక్కువ మునిగితే పడవను వెనక్కి పట్టుకుంటుంది. నీళ్లు కాలెమ్మట పైకెక్కి లోపల పడతాయి.

పలక అంచు నుంచి పడవ అడుగు దాకా కొలువు. మోటారు కొక్కెం నుంచి ఆ రేకు దాకా కొలువు. తేడా ఎంతో అంత ఎత్తు చెక్క పలక మీద బిగించి, దాని మీద మోటారు తగిలించు. అట్లాగని ఎక్కువ లేపావంటే ఫ్యాను నీళ్లకు బదులు గాలి మింగుతుంది. అప్పుడు ఇంజను గొంతు చించుకుంటుంది, పడవ కదలదు.

ఇంతే. ఇంకేమీ అడగొద్దు.

యూనుస్


ఆత్మకూరు,
ఆగస్టు, సోమవారం

యూనుస్‌కు,

ఏమీ అడగొద్దన్నావు కాబట్టి అడగను, చెబుతాను. తేడా అయిదంగుళాలు. నువ్వు చెప్పిన రేకు ఉంది, దాని మీద నాచు పట్టి ఉంటే నేను అదేదో అతుకు అనుకున్నా.

నీ ఉత్తరం రాకముందు మన అలవాటు ప్రకారం దాన్ని సిమెంటు తొట్టికి బిగించి ఆడించాను. ఒక్క నిమిషంలో తొట్టిలో నీళ్లన్నీ షాపులోకి వచ్చేశాయి. పక్కన టీ కొట్టువాడు ఒక చెప్పు ఇంకా వెతుక్కుంటున్నాడు. నాకు తెలిసిన ఇంజన్లన్నీ బోల్టులేసి నేలకు బిగించినవే. ఇది ఎగురుతుందని ఎవడికి తెలుసు?

చెక్క కోసం ఇక్కడ అడితికి పోతే తుమ్మ చూపించాడు. నానితే పగులుతుందేమోనని భయం. నీళ్లలో ఉడికినా పగలని కొయ్యతో రోజూ గరిటెలు చేసేవాళ్లు నాకు తెలిసినవాళ్లలో ఒకళ్లే ఉన్నారు. ఇది కూడా అడగటం కాదు.

జనార్దన


ఉదయగిరి,
ఆగస్టు, గురువారం

జనార్దనకు సలాం.

చెక్క సిద్ధయ్యకు ఇచ్చాను. సీటు కింద పెట్టాడు, ఎవరో ముసలామె దానిమీద కాళ్లు పెట్టుకుని హాయిగా వస్తోంది. రెండు దుంగలు చూసి, ఒకటి లోపల కన్నులాగా ముడి పడి ఉంటే వదిలేసి, ఇది ఏరాను. కింద గాడి తీశాను, పలక మీద సరిగ్గా కూర్చుంటుంది. నాలుగు బోల్టులు వెయ్యి. మోటారు స్క్రూలు చేత్తో బిగించి ఊరుకోకు. దానికి ఒక తాడు కూడా కట్టు, ఊడినా నీళ్లపాలు కాకుండా.

నేను చెక్క చెక్కుతుంటే ఆపా చూసి, "ఇది ఏ రాకాసికిరా గరిటె?" అని అడిగింది. పడవకు అన్నాను. చాలాసేపు నా మొహం చూసి, టీ తెచ్చి పెట్టింది. ఆపా నన్ను అట్లా చూసి చాలా రోజులైంది.

ఒక మాట. అది ఆడేటప్పుడు చప్పుడు ఎట్లా ఉందో రాస్తావా? చెవిటివాడి ముందు శంఖం ఊదటం దండగే గానీ, రాసి పంపితే దండగ కాదు. చదువుకుంటాను.

యూనుస్


ఆత్మకూరు,
ఆగస్టు, ఆదివారం

ఒరే యూనుసూ,

నడిచింది! షేర్ ఆటోలో నీ చెక్కను ఒళ్లో పెట్టుకుని పోయాను. పిచ్చమ్మ, నేను ఎక్కాం. నీళ్లు ఇంకా నిండలేదు, ఉన్నంత మేర చుట్టి వచ్చాం. లోపల చుక్క నీరు పడలేదు. పిచ్చమ్మ పైటకొంగు గాలికి ఎగురుతుంటే, "అన్నా, బస్సెక్కినట్టు ఉండాదే!" అని కేకలు పెట్టింది. తిరుపాలు ఒడ్డున మంచం మీద నుంచి లేచి కూర్చున్నాడు, మళ్లీ నడుము పట్టేసి పడుకున్నాడనుకో.

చప్పుడు రాయమన్నావు. తాడు లాగగానే ముందు రెండు దగ్గులు, ముసలాడు లేచేముందు దగ్గినట్టు. ఆ తర్వాత దడదడ. కాస్త వేడెక్కాక మీ ఆపా రోట్లో మసాలా దంచుతుంటే వీధిలోకి వినపడేది చూడు, అట్లా ఒకే వరస. చెయ్యి తిప్పి వేగం పెంచితే అదే దంపుడు దగ్గరపడుతుంది, మధ్యలో ఎక్కడా తప్పటడుగు లేదు. నువ్వు ఉంటే తల ఒక పక్కకు వంచి, కళ్లు మూసుకుని, ఊ అనేవాడివి. ఆ ఊ నేనే అన్నాను.

షాపులో ఎవరూ ఊ అనేవాళ్లు లేరురా. వచ్చెయ్ అని రాస్తే నీకు కోపమొస్తుంది, రాయకపోతే నాకు నిద్ర రాదు.

జనార్దన


ఆత్మకూరు,
సెప్టెంబరు, బుధవారం

యూనుస్‌కు,

నీ జవాబు రాకముందే మళ్లీ రాస్తున్నా. ఈసారి నీళ్లు ముందే వచ్చాయి. పిచ్చమ్మ పొద్దున షాపుకొచ్చి చెడామడా తిట్టి పోయింది. మోటారు మళ్లీ మొరాయించింది. కొండకు పోయేటప్పుడు సగం దూరంలో ఇంజను గొంతు చించుకుని అరుస్తోందట, పడవ నడి నీళ్లలో నిలిచిపోతోందట. వచ్చేటప్పుడేమో మొదట్లోలాగా బరువుగా ఈడుస్తూ, నీళ్లు లోపలికి చిమ్ముతోందట. రోజూ ఇంతే. ఒడ్డున నిలబెట్టి చెక్క చూశాను, కదల్లేదు. స్క్రూలు వదులు కాలేదు. ముందు నుయ్యి వెనక గొయ్యిగా ఉంది నా పని. లేపాలా, దించాలా?

జనార్దన


ఉదయగిరి,
సెప్టెంబరు, శనివారం

జనార్దనయ్యకు,

ఎత్తు ఎక్కువైతే అరుస్తుంది. తక్కువైతే నీళ్లు చిమ్ముతుంది. రెండూ నేను నీకు రాసి పంపినవే. వాటినే తిప్పి నాకు రాశావు. ఒకే మోటారు, ఒకే చెక్క, ఒకే రోజు. పోయేటప్పుడు ఎత్తు పెరిగి, వచ్చేటప్పుడు తగ్గుతుందా? నేను చెవిటివాణ్ణి గానీ తెలివితక్కువవాణ్ణి కాదు.

మోటారు ఆగస్టులోనే బాగైపోయింది. నేను రాయడం మానేస్తానని కొత్త జబ్బు కల్పించావు. అవునా?

నేనెందుకు వచ్చేశానో ఇన్నాళ్లూ నీకు చెప్పలేదు. చెవుల కోసం రాలేదు. ఆరోజు అన్నం డబ్బా మరిచిపోయి షాపుకు తిరిగొచ్చాను. షట్టరు సగం దించి, లైటు వేసుకుని, నేను ఆ సాయంత్రం బిగించిన ఇంజన్ను నువ్వు విప్పుతున్నావు. తెల్లారి నేను అడిగితే, బ్రహ్మాండంగా ఉందిరా యూనుసూ, అని నా వీపు తట్టావు. ఎన్నాళ్ల నుంచి అట్లా చేస్తున్నావో నాకు తెలియదు. అది తెలియకపోవడమే నన్ను తినేసింది. నాకు నీ జాలి వద్దు. ఎవరన్నా తిడితే పడతాను గానీ జాలి పడితే పడలేను.

నా పానాల పెట్టె వింజమూరు మెకానిక్ అడుగుతున్నాడు, అతనికి ఇచ్చెయ్యి. బోర్డు మీద నా పేరు తుడిపించు. ఇంక ఉత్తరాలు వద్దు.

యూనుస్


అనంతసాగరం,
సెప్టెంబరు, మంగళవారం

ఒరే మొండోడా,

విప్పాను. అవును. నువ్వు బిగించిన ఇంజను విప్పాను. ముప్పై ఏళ్లలో నేను బిగించినవి నువ్వెన్ని విప్పలేదు? అయ్యవారిపల్లె రెడ్డి మోటారుకు నేను గాస్కెట్ తిరగేసి వేస్తే, విప్పి సరిగా వేసి, నాకు చెప్పకుండా పంపించింది ఎవరు? రెడ్డే నాకు చెప్పాడు. నేనేమన్నా అలిగి నా చెల్లెలింటికి పోయానా? టీ తాగి, ఇంకో మోటారు విప్పుకున్నాను. నీకు చెవులు పోయాక నీ పనిని అట్లా చూస్తే జాలి, బాగున్నప్పుడు నువ్వు నా పనిని చూస్తే పనితనమా? ఎక్కడి న్యాయంరా ఇది?

నాకు నీ మీద జాలి లేదు. కోపం ఉంది. పొద్దున్నే షట్టరు తీస్తే ఎదురుగా ఎవడూ ఉండడు, ఆ కోపం. పెట్టె ఎవరికీ ఇవ్వను. బోర్డు తుడిచేదానికి నిచ్చెన ఎక్కే ఓపిక నాకు లేదు.

ఇక మోటారు సంగతి. నన్ను అబద్ధాలకోరన్నావు కాబట్టి, షాపు మూసి ఇక్కడికొచ్చి, పడవెక్కి కూర్చున్నాను. ఈ ఉత్తరం పిచ్చమ్మ ఇంటి అరుగు మీద రాస్తున్నా, లుంగీ ఇంకా ఆరలేదు. ఆమె చెప్పింది అక్షరం పొల్లుపోలేదు. బయలుదేరిన కాసేపటికి మోటారు గావుకేక పెట్టింది. దానికి తోడు గొర్రెలన్నీ అరుస్తూ ఒకదాని మీద ఒకటి పడుతుంటే, ఒక పొట్టేలు నీళ్లలోకి దూకబోయింది, దాని కొమ్ములు పట్టుకుని నేను మోకాళ్ల మీద పడ్డాను. చివరికి ఇద్దరం తెడ్లు వేసుకుని వెనక్కొచ్చాం. పిచ్చమ్మ ఒడ్డున కూలబడి, తిరుపాలుకు వినపడకుండా ఏడ్చింది. వచ్చే శుక్రవారం సంతకు మందను తోలుతుందట. నమ్మితే నమ్ము, లేకపోతే లేదు.

జనార్దన


ఉదయగిరి,
సెప్టెంబరు, బుధవారం

జనార్దనా,

గొర్రెలా? పడవలో గొర్రెలున్నాయని ఇంతవరకూ ఒక్క ముక్క రాశావా? మంద ముందే నడిచి కొండకు పోతుందని కదా నువ్వు రాసింది!

ఈ ఉత్తరం సిద్ధయ్య పట్టుకుని నేరుగా నీ చేతికిస్తాడు. సంతకు తోలొద్దని పిచ్చమ్మకు ఈరోజే చెప్పు.

నీళ్లు ముందే వచ్చి దారి మునిగింది కాబట్టి ఆమె గొర్రెల్ని పది పన్నెండు చొప్పున పడవలో చేరవేస్తోంది, అంతేనా? గొర్రెకు మోటారు చప్పుడంటే భయం. మోటారుకు దూరంగా పోవాలని అన్నీ ముందుకు తోసుకుంటాయి. ముందు భాగం దిగుతుంది, వెనక భాగం లేస్తుంది. ఫ్యాను పైకొచ్చి గాలి మింగుతుంది, అరుస్తుంది. ఆ అరుపుకు అవి ఇంకా ముందుకు పోతాయి. వచ్చేటప్పుడు పడవ ఖాళీ. పిచ్చమ్మ ఒక్కతే వెనక కూర్చుంటుంది. వెనక భాగం దిగిపోతుంది, నీళ్లు చిమ్ముతాయి. పోయేటప్పుడు ఎత్తు ఎక్కువ, వచ్చేటప్పుడు తక్కువ. నువ్వు రాసిందే నిజం.

మనిద్దరం మోటారునే చూశాం. నేలకు బిగించిన ఇంజన్లతో బతికినవాళ్లం, కింద నేల కదులుతుందని తోచలేదు. కృష్ణపట్నంలో నేను చూసిన పడవల్లో చేపలుండేవి, అవి ఎటూ పరిగెత్తవు.

వచ్చేటప్పటి సంగతి తేలిక. ముందు వైపు రెండు ఇసుక మూటలు పెట్టమను. పోయేటప్పుడు మాత్రం గొర్రెలు వెనక నిలవాలి. ఆ మంద దేని వెనక నడుస్తుందో ఆ గొర్రెను మోటారు పక్కన కట్టెయ్యాలి. అది నిలిస్తే మిగతావి దాని చుట్టూ నిలుస్తాయి. కానీ ఆ చప్పుడు పక్కన ఏ గొర్రె నిలుస్తుందో నాకు తెలియదు.

రెడ్డి గాస్కెట్ సంగతి నీకు తెలుసని నాకు ఇప్పటిదాకా తెలియదు. దాని గురించి ఆలోచిస్తున్నాను. ఇంకా తేలలేదు.

యూనుస్


ఆత్మకూరు,
అక్టోబరు, ఆదివారం

యూనుస్‌కు,

సంతకు తోలలేదు. నీ ఉత్తరం నేనే చదివి వినిపించాను. ఇసుక మూటల పని వెంటనే ఫలించింది, వచ్చేటప్పుడు చుక్క నీరు లేదు. పోయేటప్పటి సంగతికి ఇన్నాళ్లు పట్టింది, అందుకే ఆలస్యంగా రాస్తున్నా.

రాయాలంటే భయంగా కూడా ఉంది. రాస్తే మళ్లీ కల్పించానంటావు. మందకు ముందు నడిచేది ఒక ముసలి గొర్రె. తెల్లటిది, కళ్ల చుట్టూ నల్లగా ఉంటుంది, అందుకని కాటుకది అంటారు. దాన్ని మోటారు పక్కన కట్టాం. నిలబడింది! మోటారు నెత్తిన అరుస్తున్నా నెమరేస్తూ నిలబడింది. ఎందుకంటే అది పుట్టు చెవిటిది. మిగతావన్నీ దాని చుట్టూ చేరాయి. పడవ వెనక భాగం లేవలేదు. కొండ దాకా పోయాం. మంద మొత్తం దాటింది యూనుసూ, పిచ్చమ్మ మందను అమ్మడం లేదు. చెవులున్నవన్నీ పారిపోతే, చెవులు లేని ఒక్కటి నిలబడి పని చేసిపెట్టింది.

రేణుక మీద ఒట్టు, ఇది నిజం.

ఇంకా ఒక వేలెడు దించితే బాగుంటుందని నాకు అనుమానం. నువ్వు లేకుండా దించను.

జనార్దన


ఉదయగిరి,
నవంబరు, శనివారం

జనార్దనకు యూనుస్ సలాం.

నీకు చెప్పకుండా గురువారం వచ్చాను. ఆత్మకూరులో దిగి మన షాపు ముందు నుంచే ఆటో ఎక్కాను. నువ్వు వంగి ఎవరిదో మోటారు విప్పుతున్నావు, నీ బట్టతల కనపడింది. పిలవలేదు. ముందు నాకు ఆ గొర్రెను చూడాలి.

నువ్వేం చెప్పి పెట్టావో, పిచ్చమ్మ నన్ను చూడగానే పోల్చింది. నా ఎదురుగా నిలబడి నిదానంగా మాట్లాడింది, పెదాలు చూసి అర్థం చేసుకున్నాను. రోజూ ఈనబోయే కొన్నిటిని ఇంటికి తెచ్చి, ఈనిన కొన్నిటిని కొండకు చేర్చి ఇప్పటికీ తిప్పుతూనే ఉందట. పడవలో మోటారు పక్కన నేను కూర్చున్నాను, నాకు అటు పక్కన కాటుకది. మోటారు మీద అరచెయ్యి పెట్టుకున్నాను. నువ్వు రాసిన దంపుడు అరచేతిలోకి వచ్చింది. మధ్యలో ఒకచోట సన్నగా జారింది. నీ అనుమానం నిజమే, ఒక వేలెడు దించాలి. అవతలి ఒడ్డున చెక్క విప్పి, అడుగున ఆ మేరకు చెక్కేసి, మళ్లీ బిగించాను. వచ్చేటప్పుడు ఆ జారుడు లేదు.

ఇక గొర్రె. నాకు వినపడదు గానీ కనపడుతుంది. పిచ్చమ్మ తాడు లాగగానే దాని రెండు చెవులూ వెనక్కి వాలాయి. పిచ్చమ్మ నోరు తెరిచినప్పుడల్లా అటు తిరిగాయి. చెవిటివాళ్లు ఎట్లా ఉంటారో నాకంటే బాగా ఎవరికి తెలుసు? అది చెవిటిది కాదురా.

పిచ్చమ్మను అడిగాను. ముందు నవ్వింది.

"చెవుడా? దానికా? తవుడు బక్కెట చప్పుడైతే ఊరవతల నుంచి ఉరికొస్తాది. మీ జనార్దనయ్యన్న దినామూ పొద్దున్నే మా దొడ్లోకొచ్చి, డ్రమ్ములో మోటారు ఆడిస్తా, దీనికి కందిపొట్టు పెట్టినాడు. మొదట ఆడించగానే తాడు తెంపుకుని పరిగెత్తేది. ఆయన ఆ బొజ్జేసుకుని ఎంబడి ఉరికి, మళ్లీ తోలుకొచ్చి, మళ్లీ ఆడించేవాడు. షాపు మూసుకుని ఏందన్నా ఈ తిప్పలు అంటే, మావాడు ఒకడు ఉండాడు, ఈ పని పూర్తి కాకపోతే ఇంక దేనికీ చెయ్యి పెట్టడు అన్నాడు."

నేను అబద్ధమన్నవన్నీ నిజం. నువ్వు రేణుక మీద ఒట్టేసి చెప్పిన ఒక్కటే అబద్ధం. ఆమెకు చెప్పనులే. ఇదివరకైతే దీనికి కూడా అలిగేవాణ్ణి. పడవలో కూర్చుని అలుగుదామని చూశాను, కుదరలేదు. ఆ బొజ్జతో నువ్వు గొర్రె వెంట పరిగెత్తడం కళ్ల ముందు కనపడి నవ్వొచ్చింది, నవ్వుతుండగానే ఏడుపొచ్చింది. కాటుకది నా వైపు చూసి నెమరేసుకుంది. జాలికీ ప్రేమకూ తేడా తెలుసుకోవడానికి నాకు ఇంత వయసు పట్టింది.

సోమవారం మొదటి బస్సుకు వస్తున్నాను. చెవి పెట్టాల్సిన పని నువ్వు చెయ్యి, చెయ్యి పెట్టాల్సిన పని నేను చేస్తాను. నేను బిగించింది నీకు అనుమానమైతే తప్పకుండా విప్పు. షట్టరు దించుకుని మాత్రం విప్పకు. నా ఎదురుగా విప్పు. నేను పక్కన కూర్చుని లైటు పట్టుకుంటాను.

యూనుస్